తొమ్మిది గ్రీన్ల లెక్క: మన ఊరి తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

మన ఊరి తెలుగు కుటుంబాల పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారాలు.

అయోవాలోని మన ఊరి చివర వాగు ఒడ్డున ఉన్న తొమ్మిది హోల్స్ గోల్ఫ్ కోర్సును నగరం, అంటే మన ఊరి మున్సిపాలిటీ, తన ఆధీనంలోకి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చే నెల సిటీ కౌన్సిల్ జరిపే బహిరంగ విచారణకు రానున్న సంగతి మీకు తెలుసు. ఉగాది నాడు చర్చి హాలులో మనమంతా కలిసి భోజనం చేస్తున్నప్పుడు ఈ ప్రస్తావన వస్తే, మనవాళ్ళలో చాలామంది ఒకే మాట అన్నారు: పదిమంది ముసలివాళ్ళు బంతి కొట్టుకునే గడ్డికి మన ఆస్తి పన్ను ఎందుకు పోయాలి? ఆ కోర్సును నడుపుతున్న ప్రైవేటు క్లబ్బుకు నాలుగేళ్ళుగా కోశాధికారిగా ఉన్న నేను ఆ రోజు నోరు మెదపలేదు. పులిహోర విస్తరి ముందు కూర్చుని తరుగుదల లెక్కలు చెప్పడం సభ్యత కాదనిపించింది. పైగా ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు, దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్క ముక్కలో చెప్పగలిగింది కాదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నగరం ఆ కోర్సును తీసుకోవాలి. అయితే మా క్లబ్బు పాలకవర్గం అడుగుతున్న పద్ధతిలో మాత్రం కాదు. ఇంతకాలం దాచిపెట్టిన ఖర్చులన్నీ కాగితం మీద పెట్టకుండా తాళంచెవులు కౌన్సిల్ చేతిలో పెడితే, ఐదేళ్ళకో ఆరేళ్ళకో మళ్ళీ ఇదే విచారణ జరుగుతుంది, అప్పుడు తీసుకోవడానికి మూడో చేయి ఉండదు. పాలకవర్గంలో నా తోటివారికి ఈ మాట రుచించకపోవచ్చు, కాని వారికి ఎదురుగా చెప్పని మాట ఒక్కటీ ఇందులో లేదు. ఆట మీద మోజుతో రాస్తున్నాడని మాత్రం ఎవరూ అనుకోనక్కరలేదు. నేను ఆడగా చూసినవారికి ఆ అనుమానం రాదు.

ఈ కోర్సు పుట్టుక తెలిస్తే దాని కష్టం సగం అర్థమవుతుంది. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోని చిన్న ఊళ్ళలో గోల్ఫ్ శ్రీమంతుల ఆటగా మొదలు కాలేదు. నెబ్రాస్కా, కాన్సస్ పల్లెల్లో ఒకప్పుడు, బంతి పడవలసిన రంధ్రం ఉండే గ్రీన్లు కూడా గడ్డివి కావు. ఇసుకకు నూనె కలిపి చదును చేసి, ఆడినప్పుడల్లా చెక్కతో సవరించుకునేవారు, అలాంటివి ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. 1962లో వచ్చిన వ్యవసాయ చట్టం పల్లె ప్రాంతాల్లోని లాభాపేక్ష లేని సంఘాలకు వినోద స్థలాల కోసం కూడా ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా అప్పు తీసుకునే వీలు కల్పించింది. ఆ అప్పులతో దేశమంతటా పల్లెటూళ్ళలో గోల్ఫ్ కోర్సులు లేచాయి, మనదీ వాటిలో ఒకటి. రైతులు తమ ట్రాక్టర్లు తెచ్చి నేల చదును చేశారు, బ్యాంకు గుమస్తాలు, బడి పంతుళ్ళు వారాంతాల్లో మొక్కలు నాటారు. మొక్కజొన్న పండని వాలు నేల, వరద వచ్చే వాగు ఒడ్డు దీనికి చాలునని పెట్టారు. కట్టడానికి ఊరంతా చేయి వేసింది కాబట్టి అప్పట్లో అది చవకగా పూర్తయింది. నిలబెట్టే ఖర్చు మాత్రం ఊరి మంచితనంతో గడిచేది కాదు, అది ఏటేటా రొక్కంగా కట్టవలసిందే.

ఆ ఖర్చులో మొట్టమొదట చెప్పవలసింది గ్రీన్ల సంగతి. జెండా పాతి ఉండే ఆ నున్నటి గడ్డి ఒక్కొక్కటి సుమారు 5,000 చదరపు అడుగులు ఉంటుందనుకుంటే, తొమ్మిదీ కలిపి ఒక ఎకరానికి కాస్త మించుతాయి. అరవై ఎకరాల మైదానంలో మన డబ్బును అన్నిటికంటే వేగంగా తినేది ఆ ఒక్క ఎకరమే. వేసవిలో దాన్ని దాదాపు ప్రతిరోజూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోయాలి. అంత పొట్టిగా కోసిన గడ్డి బతకడమే ఒక విడ్డూరం: వేరు లోతుకు పోదు, ఎండకు తాళదు, తేమ పెరిగిన రాత్రి తెల్లారేసరికి డాలర్ స్పాట్ అనే తెగులు నాణేలంత మచ్చలుగా తేలుతుంది. కాబట్టి మందు కొట్టాలి, ఇసుక చల్లాలి, గొట్టాలతో గుచ్చి గాలి ఆడనివ్వాలి, మోవర్ బ్లేడ్లు తరచూ సానపట్టించాలి. మన ఇళ్ళ ముందు లాన్ కోసే యంత్రం అక్కడ పనికిరాదు. గ్రీన్లకు ఒక రకం, గ్రీన్ దాకా బంతి సాగే దారులైన ఫెయిర్‌వేలకు మరొక రకం, బయటి గడ్డికి ఇంకొక రకం మోవర్ ఉండాలి. కొత్త ఫెయిర్‌వే మోవర్ ఒక్కటి మనలో ఎవరి కారు కంటే అయినా ఎక్కువ ధర పలుకుతుంది. అందుకే మనబోటి ఊళ్ళు పెద్ద నగరాల క్లబ్బులు లీజు ముగిశాక వదిలేసిన యంత్రాలను కొంటాయి, కొన్న మరుసటి నెల నుంచి వాటి విడిభాగాలు వెతుక్కుంటాయి.

ఇక్కడి చలికాలం ఈ లెక్కను మరింత బిగిస్తుంది. ఆట సాగేది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, మహా అయితే ఏడు నెలలు. మిగతా ఐదు నెలలు ఆదాయం ఉండదు గాని, బీమా, అప్పు వాయిదా, మైదానం చూసే సూపరింటెండెంట్ జీతం, క్లబ్‌హౌస్ పైపులు గడ్డకట్టకుండా వేడి పెట్టే బిల్లు ఆగవు. పైగా ఏడాది మొత్తంలో ఖరీదైన మందుల్లో ఒకటి కొట్టవలసింది ఆటగాళ్ళు ఇళ్ళకు పోయాకే. మంచు కప్పేలోపు శిలీంద్రనాశిని చల్లకపోతే వసంతంలో మంచు కరిగేసరికి గ్రీన్లు స్నో మోల్డ్ అనే బూజు పట్టి కుళ్ళి ఉంటాయి. దాన్ని తప్పించుకున్నా గండం గడిచినట్టు కాదు. గ్రీన్ మీద నీరు నిలిచి మంచుగడ్డగా మారి రెండు నెలలు కదలకపోతే పోవా రకం గడ్డి ఊపిరాడక చచ్చిపోతుంది. బెంట్ గడ్డి అంతకంటే ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది గాని, పాత కోర్సుల గ్రీన్లలో పోవా ఎంతుంటుందో గడ్డి పెంచేవారికి తెలుసు. అలాంటి ఏడాదిలో మే నెలంతా తాత్కాలిక గ్రీన్ల మీద ఆడించి సగం రుసుము తీసుకోవలసి వస్తుంది, ఖర్చు మాత్రం రెట్టింపవుతుంది.

మనలో చాలామంది అంకెలతో పనిచేసేవాళ్ళం కాబట్టి ఒక చిన్న లెక్క చూద్దాం. ఇవి మా క్లబ్బు అంకెలు కావు, లెక్క తేలికగా ఉండేందుకు నేను ఎంచుకున్నవి. ఏడాది ఖర్చు 3,00,000 డాలర్లనీ, ఒక ఆటకు రుసుము 20 డాలర్లనీ అనుకుందాం. ఖర్చు రాబట్టడానికి 15,000 ఆటలు కావాలి. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 దాకా 214 రోజులు. అంటే వాన కురిసినా, పెనుగాలి వీచినా, సోయాబీన్ కోతల్లో ఊరంతా పొలాల్లో ఉన్నా, రోజూ 70 మంది పూర్తి రుసుము కట్టి ఆడాలి. కొన్ని వేల జనాభా ఉన్న ఊళ్ళో అది జరగని పని. మందు, డీజిల్, కరెంటు తగ్గించుకుందామంటే గడ్డికి ఎంతమంది ఆడారో తెలియదు. ఏడుగురు ఆడిన రోజూ దానికి అదే కోత, అదే నీరు. ఫ్యాక్టరీలో గిరాకీ తగ్గితే ఒక షిఫ్టు ఆపవచ్చు, హోటల్లో ఒక అంతస్తు మూసేయవచ్చు. జూలైలో ఐదో గ్రీన్‌ను వారం రోజులు ఆపి మళ్ళీ మొదలుపెడదామంటే, మొదలుపెట్టడానికి అక్కడ గడ్డి ఉండదు.

ఇంతలో సీజన్ పాస్ అనే ముచ్చట ఒకటి ఉంది. మార్చి నెలలో బ్యాంకు ఖాతా అడుగంటినప్పుడు చేతికి రొక్కం రావడానికి ప్రతి చిన్న క్లబ్బూ ఏడాది పాస్ అమ్ముతుంది. 600 డాలర్లకు పాస్ కొన్న పెద్దాయన వారానికి నాలుగు రోజుల చొప్పున ముప్పై వారాలు వస్తే 120 ఆటలవుతాయి, ఆటకు ఐదు డాలర్లు పడింది. ఆయనే మన అత్యంత విశ్వాసపాత్రుడైన సభ్యుడు, వానలో బంకర్ (ఇసుక గుంట) ఇసుక ఎత్తిపోయడానికి వచ్చేదీ ఆయనే. లెక్క ప్రకారం మాత్రం ఆయన వచ్చిన ప్రతిసారీ క్లబ్బు నష్టపోతోంది. పాస్ ధర పెంచుదామని నేను ప్రతి జనవరిలోనూ ప్రతిపాదిస్తాను. పాలకవర్గంలో కూర్చున్న వారందరూ పాస్‌దారులే. ఆ ప్రతిపాదన గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బయటివారిని పిలిచి ఆదాయం పెంచుకోవచ్చు కదా అని మనలో ఒకరు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. మాది ఫెడరల్ ఆదాయపన్ను చట్టంలోని 501(సి)(7) సెక్షన్ కింద మినహాయింపు ఉన్న సామాజిక క్లబ్బు. సభ్యులు కానివారు ఆటకూ భోజనానికీ కట్టే డబ్బు మొత్తం రాబడిలో 15 శాతం దాటితే ఆ మినహాయింపుకే ముప్పు. సభ్యుల సంఖ్య ఏటేటా తగ్గుతుంటే ఆ 15 శాతం గీత కూడా ఏటేటా కిందికి దిగుతుంది. అంటే బయటివారి డబ్బు మాకు ఎంత ఎక్కువ అవసరమైతే అంత తక్కువగా తీసుకోగలుగుతాం. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారే, అదీ పరిస్థితి. నగరం చేతికి వెళితే ఈ చిక్కు ఉండదు, పక్క కౌంటీ నుంచి వచ్చినవాడూ, మన పిల్లలూ, ఎవరైనా గేటు దగ్గర రుసుము కట్టి ఆడవచ్చు. నగరం తీసుకోవాలని నేను అనడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి.

ఇక దాచిపెట్టిన ఖర్చు గురించి. నేను పెరిగిన ఊళ్ళో ఒక చెరువు ఉండేది. నా చిన్నప్పుడు ఏటా వేసవిలో పూడిక తీసేవారు. తర్వాత ఒక ఏడు మానేశారు, ఏమీ కాలేదు. రెండో ఏడూ మానేశారు, అప్పుడూ ఏమీ కాలేదు. పదిహేనేళ్ళకు చూస్తే నీరు నిలవవలసిన చోట తుమ్మ చెట్లు మొలిచాయి, అప్పుడు లెక్క వేస్తే పంచాయతీ పదేళ్ళ ఆదాయం పెట్టినా తీరని పని అయింది. మన గోల్ఫ్ కోర్సులో జరిగింది సరిగ్గా ఇదే. అమెరికా గోల్ఫ్ కోర్సు రూపశిల్పుల సంఘం ఏ భాగం ఎంతకాలం పనిచేస్తుందో ఒక పట్టిక వేసి ఉంచింది: గ్రీన్లు 15 నుంచి 30 ఏళ్ళు, నీటి పైపుల వ్యవస్థ 10 నుంచి 30 ఏళ్ళు, పంప్ స్టేషన్ 15 నుంచి 20 ఏళ్ళు, బంకర్లలో ఇసుక 5 నుంచి 7 ఏళ్ళు, తారు వేసిన కార్ట్ దారులు 5 నుంచి 10 ఏళ్ళు. ఆ పట్టిక చేత్తో పట్టుకుని నేను కోర్సంతా తిరిగాను. వయసు మీరనిది ఒక్కటీ కనిపించలేదు, పంపు మోటారు మాత్రం రెండుసార్లు వైండింగ్ చేయించుకుని ఇంకా మూలుగుతోంది. మా వార్షిక నివేదికలో మాత్రం మూడేళ్ళు వరుసగా స్వల్ప మిగులు కనిపిస్తుంది. ఆ మిగులు నిజం కాదు. తరుగుదలకు ఏటా పక్కన పెట్టవలసిన సొమ్ము పెట్టి ఉంటే ఆ మూడేళ్ళూ లోటే. కోశాధికారిగా ఆ నివేదికల కింద సంతకం చేసింది నేనే కాబట్టి ఈ తప్పులో నా వాటా నాకుంది.

చెట్ల ఖర్చు ఎవరి ఊహలోనూ లేనిది. ఆకుపచ్చ రంగులో మెరిసే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2010లో మన అయోవాలో తొలిసారి కనిపించింది, అప్పటి నుంచి యాష్ చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. 2020 ఆగస్టు 10న వచ్చిన డెరేచో గాలివాన రాష్ట్రం మధ్య నుంచి ఎన్ని చెట్లను పెకలించుకుపోయిందో అప్పుడు ఇక్కడున్నవారు మరచిపోలేరు. ఎండిన పెద్ద చెట్టును మనుషులు తిరిగే చోట అలాగే వదిలేస్తే బీమా కంపెనీ ఊరుకోదు, కొట్టించాలంటే ఒక్కో చెట్టుకు పెద్ద బిల్లే అవుతుంది.

పనివాళ్ళ సంగతి మీకు వివరించనక్కరలేదు. రాష్ట్రంలో కనీస వేతనం 2008 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉన్నా ఆ జీతానికి తెల్లవారుజామున ఐదింటికి మోవర్ ఎక్కేవాడు ఎక్కడా దొరకడు. మైదానం నిర్వహణలో అన్నిటికంటే పెద్ద పద్దు జీతాలే. మన సూపరింటెండెంట్ గడ్డి శాస్త్రం చదివిన మనిషి, ఆయనే మెకానిక్కు, ఆయనే ప్లంబరు, గురువారం లీగ్ రాత్రి మనిషి రాకపోతే బీరు అమ్మేదీ ఆయనే. ఆయన మరో ఉద్యోగం చూసుకుంటే ఈ లేఖతో పనే ఉండదు.

ఇది ఒక్క మన ఊరి దురదృష్టం కాదు. 1980ల చివర్లో ఈ దేశపు గోల్ఫ్ పరిశ్రమ పెద్దలు 2000 సంవత్సరం దాకా రోజుకొక కొత్త కోర్సు కట్టవలసి ఉంటుందని చెప్పారు. 1990లలో ఇళ్ళ స్థలాలు అమ్ముకునేవారు ఆ మాట పట్టుకుని వరసగా కట్టుకుంటూ పోయారు. 1997లో టైగర్ వుడ్స్ మాస్టర్స్ గెలిచాక ఆ ఊపు ఇంకా పెరిగింది. 2005 నాటికి దేశంలో 16,000కు పైగా గోల్ఫ్ కేంద్రాలు ఉంటే, 2006 నుంచి ఏళ్ళ తరబడి కొత్తగా తెరిచేవాటి కంటే మూతపడేవే ఎక్కువయ్యాయి. ఇప్పుడు సుమారు 14,000 మిగిలాయి. కరోనా వచ్చాక 2020లో దేశం మొత్తం మీద ఆడిన ఆటలు 50 కోట్లు దాటాయి, ఆ తర్వాతి ఏళ్ళలోనూ అంతకు తగ్గలేదు. ఆ అంకె చూపించి మా పాలకవర్గంలో కొందరు మంచిరోజులు వచ్చేశాయన్నారు. మనకూ ఆ రెండేళ్ళు కొంత ఎక్కువ డబ్బు వచ్చిన మాట నిజమే. అదే సమయంలో ఎరువుల ధరలు ఎలా ఎగబాకాయో పొలం ఉన్న ఏ పొరుగువాడిని అడిగినా చెబుతాడు. అన్నిటికీ మించి, దేశంలో ఆట పెరిగినంత మాత్రాన మన ఊళ్ళో మనుషులు పెరగరు. 2010, 2020 జనాభా లెక్కల మధ్య అయోవాలోని 99 కౌంటీల్లో మూడింట రెండు వంతుల కౌంటీలు జనాన్ని పోగొట్టుకున్నాయి.

గెలిచిన చిన్న ఊళ్ళు లేవా అంటే ఉన్నాయి, విచారణలో మావాళ్ళు వాటి పేర్లు తప్పకుండా చెబుతారు కాబట్టి మీరు ముందే తెలుసుకోవడం మంచిది. నెబ్రాస్కాలో సుమారు మూడున్నర వేల జనాభా ఉన్న గాథన్‌బర్గ్‌లో ఊరివాళ్ళే పూనుకుని 1999లో వైల్డ్ హార్స్ అనే కోర్సు తెరిచారు. డేవ్ ఆక్స్‌లాండ్, డాన్ ప్రాక్టర్ దాన్ని రూపొందించారు, దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళు వచ్చి ఆడిపోతారు. టెన్నెసీలో మూడు వేల జనాభా ఉన్న సౌత్ పిట్స్‌బర్గ్‌లో ఒక సాదాసీదా తొమ్మిది హోల్స్ కోర్సును రాబ్ కాలిన్స్, టాడ్ కింగ్ కలిసి తిరగరాశారు. స్వీటెన్స్ కోవ్ అన్న పేరుతో అది 2014లో తెరుచుకుంది. క్లబ్‌హౌస్ బదులు ఒక చిన్న షెడ్డు, అంతే. మూతపడే అంచు దాకా వెళ్ళి, ఆటను ప్రేమించేవారి నోటి మాట వల్ల నిలబడి, 2019లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పేటన్ మానింగ్, టెన్నిస్ ఆటగాడు ఆండీ రాడిక్ వంటివారు పెట్టుబడి పెట్టే స్థాయికి వచ్చింది. ఈ రెండు కథలూ నాకు ఇష్టమే. కాని గాథన్‌బర్గ్ పక్కనుంచి ఇంటర్‌స్టేట్ 80 అనే పెద్ద రహదారి పోతుంది, నేల ఇసుక నేల, నీరు నిలవదు, మట్టి పెద్దగా కదిలించవలసిన పని లేదు. స్వీటెన్స్ కోవ్‌కు చటనూగా నగరం అరగంట దూరం. మన కోర్సుకు బంక మట్టి, వాగు వరద, ఇంటర్‌స్టేట్‌కు నలభై నిమిషాల దూరం ఉన్నాయి. దూరం నుంచి వచ్చేవారి మీద ఆశ పెట్టుకుని అప్పు చేద్దామని ఎవరైనా అంటే, దయచేసి చేయెత్తి అభ్యంతరం చెప్పండి. వాటి నుంచి మనం నేర్చుకోగలిగింది వేరే ఉంది. స్వీటెన్స్ కోవ్ కట్టడం మీద డబ్బు పెట్టలేదు, గడ్డి మీద పెట్టింది. మన క్లబ్‌హౌస్ వంటగది ఆరేళ్ళుగా నష్టంలో ఉంది, అయినా శుక్రవారం చేపల వేపుడు లేకపోతే ఊరికి పరువు తక్కువని కొనసాగిస్తున్నాం.

అయితే అమ్మేద్దామా? ఇది తీసిపారేయవలసిన మాట కాదు. అయోవా స్టేట్ యూనివర్సిటీ సర్వే ప్రకారం 2024లో రాష్ట్రంలో వ్యవసాయ భూమి సగటు ధర ఎకరాకు 11,467 డాలర్లు. అరవై ఎకరాలకు దాదాపు 6,88,000 డాలర్లవుతుంది. మనది వాలు నేల, వరద నేల కాబట్టి అంత పలకదు, అయినా చిన్న మొత్తమేమీ కాదు. ఇళ్ళు కట్టేవారు కొంటారని అనేవారు ఊళ్ళో ఇప్పటికే ఖాళీగా ఉన్న ఇళ్ళను ఒకసారి లెక్కపెట్టాలి. కొనేది రైతే, వేసేది మొక్కజొన్నే. అమ్మిన సొమ్ముతో అప్పులు తీర్చగా మిగిలింది ఒక్కసారి ఖర్చయిపోతుంది. ఊరి జనం నడిచే, చలికాలంలో పిల్లలు స్లెడ్జిల మీద జారే, హైస్కూలు జట్టు ఆడే అరవై ఎకరాల ఖాళీ నేల మళ్ళీ ఎన్ని లక్షలు పెట్టినా రాదు. మనలో వైద్యులుగా వచ్చినవారికి ఒక సంగతి గుర్తుండాలి: ఆసుపత్రివారు ఇంటర్వ్యూకు పిలిచి ఊరు చూపించిన రోజున బడి, గ్రంథాలయం తర్వాత ఆపిన చోటు ఇదే. ఆ కారణంగా మీరెవరూ ఇక్కడికి రాలేదని నాకు తెలుసు. చూపించడానికి ఏమీ లేని ఊరికి రావడానికి మాత్రం ఇంకొంచెం ఆలోచించేవారు.

ఇప్పుడు నగరం వైపు చూద్దాం. 2023లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం నగరాల ఆస్తి పన్ను రాబడి పెరుగుదలకు కళ్ళెం వేసింది. కాబట్టి గోల్ఫ్‌కు పోయే ప్రతి డాలరూ అగ్నిమాపక దళం నుంచో, వీధి గుంతల నుంచో వస్తుందన్న మీ అనుమానం సరైనదే. అందువల్లనే విచారణలో నేను పాలకవర్గం తరఫున కాకుండా పౌరుడిగా నిలబడి కొన్ని షరతులు అడగబోతున్నాను, మీరూ వాటికి మద్దతివ్వాలని కోరుతున్నాను. కోర్సు లెక్కలు నగర సాధారణ నిధితో కలిపి కప్పిపుచ్చకుండా వేరే ఖాతాలో ఉండాలి, అందులో తరుగుదలను మొదటి పద్దుగా చూపాలి. సాధారణ నిధి నుంచి ఇచ్చే సాయానికి ఏడాదికి ఇంత అని గరిష్ఠ పరిమితి ముందే ప్రకటించాలి, ఐదేళ్ళ తర్వాత దాన్ని తిరిగి ఓటుకు పెట్టాలి. గ్రంథాలయానికీ ఈతకొలనుకూ లాభం అడగం కదా అని మావాళ్ళు అంటారు, నిజమే అడగం, కాని వాటికి ఏటా ఎంత పోతోందో బడ్జెట్‌లో రాసి ఉంటుంది. గోల్ఫ్‌కూ అలాగే రాసి ఉంటే నాకు అభ్యంతరం లేదు. పాస్ ధరను ఆటల సంఖ్యతో ముడిపెట్టాలి. వంటగదిని అద్దెకివ్వాలి, తీసుకునేవారు లేకపోతే మూసేయాలి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే షరతు, నా ఉద్దేశంలో, కోత తగ్గించడం. అరవై ఎకరాల్లో బంతి అరుదుగా పడే పాతిక ఎకరాలను మనం ప్రతివారం డీజిల్ తగలేసి కోస్తున్నాం. ఒకప్పుడు ఈ రాష్ట్రాన్ని దాదాపుగా కప్పేసిన పొడుగు గడ్డి ప్రెయిరీలో ఇప్పుడు వెయ్యింట ఒక వంతు కూడా మిగలలేదు. ఆ పాతిక ఎకరాలను తిరిగి ప్రెయిరీకి వదిలేస్తే మొదటి రెండు మూడేళ్ళు కలుపుతో కష్టపడాలి, ఆ తర్వాత కొన్నేళ్ళకొకసారి నిప్పు పెట్టి కాల్చుకుంటే చాలు. నీళ్ళు గ్రీన్లకూ, మొదటి దెబ్బ కొట్టే టీలకూ మాత్రమే పెడితే, ఆగస్టులో ఫెయిర్‌వేలు గోధుమరంగుకు తిరుగుతాయి, తిరగనివ్వండి. టీవీలో చూసే పచ్చదనం మన స్తోమతకు మించినది. పైపులు మార్చే ఖర్చులో పెద్ద భాగం దీనితోనే తప్పుతుంది.

ఇక మీ మనసులో ఉన్న అసలు సంగతి నాకు తెలుసు. మూడేళ్ళ కిందట మన కుర్రాళ్ళు సిటీ పార్కులో ఒక క్రికెట్ పిచ్ వేయించమని అర్జీ పెడితే డబ్బు లేదన్నారు. అప్పుడు లేని డబ్బు గోల్ఫ్‌కు ఎక్కడి నుంచి వచ్చిందని ఉగాది నాడు ఒక అబ్బాయి నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ సంతృప్తికరమైన జవాబు లేదు. అప్పుడు వాళ్ళు అడిగిన మొత్తం ఇప్పుడు చర్చలో ఉన్న ఒక్క పాత మోవర్ ధరకు సరిపోదు. ఆ కోపంతో కోర్సుకు వ్యతిరేకంగా ఓటు వేయించవచ్చు, అది మీ హక్కు. కాని కోర్సు మూతపడితే పిచ్ రాదు, మొక్కజొన్న వస్తుంది. ప్రైవేటు క్లబ్బు నేల మీద మనం ఏమీ అడగలేం. నగరం నేల అయితే పన్ను కట్టే ప్రతి ఇంటికీ అడిగే హక్కుంటుంది. బంతి కొట్టడం సాధన చేసే డ్రైవింగ్ రేంజ్ పడమటి చివర మూడెకరాల చదును నేల ఉంది, బంతులు అక్కడిదాకా రావు, నేనే అడుగులు వేసి కొలిచాను. ఆ స్థలం పేరు పెట్టి అర్జీని తిరిగి రాయించాను, అదే విచారణలో, గోల్ఫ్ చర్చ ముగిసిన వెంటనే తీసుకోవలసిన అంశంగా కౌన్సిల్ గుమస్తాకు అందజేశాను. దాని మీద ఇప్పటికి పద్నాలుగు సంతకాలు ఉన్నాయి, వాటిలో మూడు మా పాలకవర్గ సభ్యులవి.

మా నాలుగేళ్ళ జమాఖర్చులు, యంత్రాల వయసు పట్టిక, పంపు మరమ్మతు బిల్లులు ఒక ఫైలుగా కట్టి గ్రంథాలయం కౌంటరులో ఉంచాను, ఎవరైనా చూడవచ్చు. అంకెలతో విసుగు వస్తుందనుకునేవారు వచ్చే శనివారం ఉదయం పది గంటలకు పంపు గది దగ్గరికి రండి. సూపరింటెండెంట్ గారు మూత తీసి లోపలి పైపు చూపిస్తానన్నారు. పిల్లలను తీసుకురావచ్చు గాని అక్కడ బురదగా ఉంటుంది, పాత బూట్లు వేసుకు రండి.

ఇట్లు,
మీ పొరుగువాడు,
గోల్ఫ్ క్లబ్బు కోశాధికారి